బోణీ వేళ అమెరికా

జ్యోతిర్మయి అమెరికా చూడలేదు. చూడకుండానే అక్కడి బట్టల మిల్లుల ఊరొకదానిలో ఏళ్లుగా మకాం పెట్టింది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. బందరు కాలువ పక్కన బస్సు కోసం నిలబడితే చాలు, అవతలి గట్టున ఎర్ర ఇటుకల మిల్లులు పొగమంచులో లేచి నిలబడేవి. ఎక్కడో గంట మోగేది. నూట ఎనభై ఏళ్ల కిందటి అమ్మాయిలు జుట్టు నిండా పత్తి నూగుతో గుంపుగా బయటికొచ్చి, నీళ్ల వంక చూస్తూ నడిచేవాళ్లు. ఈలోగా ఈవిడగారు ఎక్కాల్సిన బస్సు కాస్తా వెళ్లిపోయేది.

ఆ అమ్మాయిలకు ఓటు లేదు. అయినా పనిగంటలు తగ్గించమని శాసనసభకు అర్జీలు పెట్టుకున్నారు. ఓటు లేనివాళ్లు రాజకీయం ఎలా నడిపారన్నదే జ్యోతిర్మయి పీహెచ్‌డీ. వన్‌టౌన్‌లో చీరల కొట్టు నడిపే చౌడయ్య కూతురికి ఇదెక్కడి పిచ్చని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. వాళ్లకేం తెలుసు! పెడనలో ఆమె నాయనమ్మ హనుమాయమ్మ చివరిదాకా మగ్గం మీదే బతికింది. సెలవులకు వెళ్లినప్పుడల్లా ఈ పిల్ల ఆ మగ్గం చప్పుడు వింటూనే నిద్రపోయేది. అలాంటిదానికి మగ్గం ఏ దేశానిదైతే ఏమిటి?

థీసిస్ ఇప్పుడు సగంలో ఉంది. అమెరికా చరిత్ర, రాజకీయాల మీద పరిశోధన చేసేవాళ్లకు ఒక సంస్థ ఫెలోషిప్ ఇస్తుంది. ఏడాదిపాటు ఇంకే పనీ పెట్టుకోకుండా రాసుకోవచ్చు, అక్కడికెళ్లి పాత కాగితాలు చూసి రావచ్చు. అది వచ్చిందా, థీసిస్ గట్టెక్కినట్టే. రాలేదా, జూన్ నుంచి ఇంటర్ కాలేజీలో పొద్దున సివిక్స్ పాఠాలు, సాయంత్రం స్టడీ అవర్లు. అలా వెళ్లిన సీనియర్లలో మళ్లీ థీసిస్ ముట్టుకున్నవాళ్లను ఆమె చూడలేదు. అందుకే ఇంటర్వ్యూకు పిలుపు వచ్చిన రోజు ఆనందంతో పాటు వణుకూ పట్టుకుంది.

"కలలు కాసేపు కట్టిపెట్టి, అడిగినదానికి మాత్రం జవాబు చెప్పమ్మా," అన్నారు గైడు రమాసుందరి గారు.

"అలాగేనండీ," అంది జ్యోతిర్మయి, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఇంట్లో నెట్ సరిగ్గా రాదని, ఇంటర్వ్యూకు కొట్టు మీది గదిలో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. చుట్టూ చీరల కట్టలు, గంజి వాసన. కింద చౌడయ్య అప్పుడే అగరొత్తులు వెలిగించి బోణీ కోసం చూస్తున్నాడు.

వాళ్ల కొట్లో బోణీ వేళ 'లేదు' అన్న మాట నోట రాకూడదు. అడిగిన రంగు ఉన్నా లేకపోయినా "ఉందండీ, కూర్చోండి" అనాలి. పక్క కొట్టుకు మనిషిని పంపాలి, ఈలోగా మంచినీళ్లివ్వాలి. అయితే చౌడయ్యకు ఇంకో పట్టింపు ఉంది. పక్క కొట్లోనూ దొరక్కపోతే వేరే చీర విప్పి ఇదే అదని అంటగట్టడు. బిల్లు రాసేలోపు ఉన్నమాట చెప్పేస్తాడు. జ్యోతిర్మయి చిన్నప్పటి సెలవులన్నీ ఆ గల్లాపెట్టె పక్కనే గడిచాయి.

తెర మీద ముగ్గురు కనిపించారు. మధ్యలో ఉన్న పెద్దావిడ నవ్వుతూ మొదలుపెట్టింది.

"ఆ అర్జీల అసలు ప్రతులు చూశారా మీరు?"

సరిగ్గా అప్పుడే కింద మొదటి బేరం వచ్చినట్టుంది. "ఉందండీ, కూర్చోండి!" అని తండ్రి గొంతు మెట్లమీదుగా పైకి వచ్చింది.

"చూశానండీ," అంది జ్యోతిర్మయి. అనేశాక నాలుక కరుచుకుంది. అయ్యో, ఇదేం నోరు!

"ఎలా ఉన్నాయి?"

ఇక ఆపుకోవడం ఆమె తరం కాలేదు. ఎన్నిసార్లు చూసిన కాగితమో అది, కలలో! నూనె మరకలు, వరసగా పేర్లు, కొన్ని గుండ్రంగా, కొన్ని తడబడుతూ. ఒకచోట ఒక పేరు రాసి, దాని మీద అడ్డంగా గీత కొట్టేశారు. ఆ గీత దగ్గర కలం ఎంత గట్టిగా నొక్కారంటే కాగితం చిరిగింది. ఆమె చెబుతుంటే ముగ్గురిలో నోట్సు రాసుకుంటున్న ఆయన రాయడం ఆపేశాడు. పెద్దావిడ కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది.

"అద్భుతం. మీ థీసిస్‌కు ఆ పేరే ఆయువుపట్టు. ఏ ఏడాది అర్జీలో ఉంది?"

ఏదో ఒక ఏడాది చెబితే సరిపోతుంది, ఫెలోషిప్ చేతికొచ్చినట్టే. కింద చౌడయ్య అంటున్నాడు: "ఏమనుకోకండమ్మా, మీరడిగిన ఉల్లిపొర రంగు ఎక్కడా దొరకలేదు. ఇది అది కాదండీ. నచ్చితేనే తీసుకోండి."

"మేడమ్, నేను చూడలేదండీ," అంది. "పుస్తకాల్లో అచ్చయిన ముక్కలే చదివాను. ఆ కొట్టేసిన పేరు మా నాయనమ్మది. నూలిచ్చే షావుకారు మీద అందరితోపాటు అర్జీలో సంతకం పెట్టింది. నూలు ఆపేస్తాడేమోనని భయపడి మళ్లీ వెళ్లి కొట్టేసుకుంది. చనిపోయేదాకా ఆ మాటే తలుచుకుని ఏడ్చేది."

"మరి ఇంతసేపూ మాకు చెప్పింది?"

"కలండీ."

ఎవరూ నవ్వలేదు. పెద్దావిడ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, మెత్తగానే థాంక్యూ చెప్పింది. తెర నల్లబడింది.

వారం తిరక్కుండానే ఫెలోషిప్ రాలేదని మెయిల్ వచ్చింది. జ్యోతిర్మయి అన్నం ముందు కూర్చుని జరిగిందంతా తండ్రికి చెప్పి వెక్కి వెక్కి ఏడ్చింది. చౌడయ్య చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

"నా కొట్టు మాటే నీ నోటికొచ్చిందా తల్లీ?" అన్నాడు.

"నీదేం తప్పు నాన్నా? నోరు నాది."

మర్నాడు పొద్దున క్యారేజీ ఇవ్వడానికి కొట్టుకు వెళ్లింది. ఇంకా బోణీ కాలేదు. ఒకావిడ మెట్లెక్కి వచ్చి, నెమలికంఠం రంగుకు వెండి జరీ అంచు ఉందా అని అడిగింది. చౌడయ్య చెయ్యి అలవాటుగా, కూర్చోమన్నట్టు పరుపు వైపు లేచింది. గల్లాపెట్టె పక్కన నిలబడ్డ కూతురిని చూసి, ఆ చెయ్యి ఆగిపోయింది.

"లేదండీ," అన్నాడు.

పక్క కొట్టువాళ్లు తలలు తిప్పి చూశారు. ఆవిడ సరేనని మెట్లు దిగి వెళ్లిపోయింది. అగరొత్తి ఇంకా కాలుతూనే ఉంది. జ్యోతిర్మయి క్యారేజీ గల్లాపెట్టె మీద పెట్టింది.

"నిలబడ్డావేం? పైకెళ్లి రాసుకో. కాలేజీ తెరిచేదాకా ఆ గది నీదే," అన్నాడు చౌడయ్య, ఆమె వంక చూడకుండా.

ఆమె పైకెళ్లి చీరల కట్టల మధ్య కూర్చుంది. కిటికీ అవతల ఎండలో ఎర్ర ఇటుకల మిల్లు లేచింది, గంట మోగింది, అమ్మాయిలు బయటికొచ్చారు. వాళ్లలో హనుమాయమ్మ కూడా ఉంది. జ్యోతిర్మయి ఈసారి వాళ్ల వెంట వెళ్లలేదు. లాప్‌టాప్ తెరిచి, ఆగిపోయిన అధ్యాయానికి మొదటి వాక్యం రాసింది: "ఈ అర్జీల అసలు ప్రతులు నేను చూడలేదు."