ఈస్టరుకి లేవని టీ

ప్రేమానందం కష్టపడి సాధించిన మొట్టమొదటి విజయం టీ మానెయ్యడం. మూడు రోజులు తలకి తడిగుడ్డ చుట్టుకుని మూలిగాడు. కలకత్తా వాట్‌గంజ్ సందుల్లో టీకొట్టు ఎదురైతే ముక్కు మూసుకుని నడిచాడు. నాలుగోనాడు మీసం దువ్వుకుని, ఇంట్లో టీడబ్బాకి కూడా మూత బిగించేశాడు. రోజమ్మకి ఒళ్ళు మండింది అక్కడే.

"లెంటు ఉపాసం నీది. మద్దిలో నా టీ ఏటి సేసింది?"

"మొగుడు ఉపాసముంటే పెళ్ళాం టీ తాగుద్దా? మా ఊరి మిషను బళ్ళో అయిదో తరగతి ఫస్టు నేను. సండేస్కూల్లో వరసగా ప్రైజులు. రేవులో క్రేను కింద ఇన్నేళ్ళలో ఒక్క మూట జారనివ్వలేదు. నాకు సెప్తావా?"

ఈస్టరుకి ముందు నలభై రోజులూ లోకమంతా కడుపు మాడ్చుకుంటే, ఈ మహానుభావుడు జేబు మాడుస్తాడు. ఏటా అంతే. అక్కర్లేని ఖర్చుల మీద బంద్! పార్టీలవాళ్ళు ఒక్కరోజు బంద్ పెడితేనే కలకత్తా అల్లాడిపోతుంది. ఈయనది నలభై రోజులు. ఏది అక్కర్లేదో తేల్చేదీ ఆయనే.

వాసనసబ్బు గుమ్మం దాకా వచ్చిందా, పిడికిలెత్తి "చొల్బే నా!" అంటాడు. కుదరదని బెంగాలీలో. యూనియన్ ఊరేగింపుల్లో నేర్చిన అరుపు. తలనూనెకీ చొల్బే నా, తమలపాకుకీ చొల్బే నా. ఉక్కకి తాళలేక రోజమ్మ ఫాను వేస్తే టక్కున ఆపేస్తాడు.

"గవర్మెంటోళ్ళు కరెంటు తీసేస్తే నోరెత్తవు. కట్టుకున్నోడు తీస్తే రంకెలేటి?"

ఎనభై ఆరులో మరీ శ్రుతి మించాడు. పాలు కూడా మాన్పించాడు. పాస్టరుగారొస్తే గ్లాసుడు వేణ్ణీళ్ళిచ్చాడు.

"ఇందులో ఏం కలిపారు బ్రదర్?"

"ప్రేమ, పాస్టరుగారూ."

ఆవేళ ప్రార్థన చాలా పొట్టిగా ముగిసింది. రోజమ్మకి సిగ్గుతో చచ్చినంత పనైంది. ఆయన్ని సాగనంపి వచ్చి, గోడలదిరేలా మొగుణ్ణి దులిపేసింది. అయినా ఈస్టరు కోసం పళ్ళబిగువున ఆగింది.

ఈస్టరు వచ్చింది. చర్చి నుంచి వస్తూనే స్టవ్ వెలిగించి, టీడబ్బా అందుకుంది.

"చొల్బే నా! బంద్ పొడిగించాం."

రోజమ్మ టీడబ్బా ఠపీమని కింద పెట్టింది. "పెబువే మూడోనాడు లేచాడు. నా టీకి అంతకంటే పెద్ద రాయి అడ్డమెట్టేవా? ఎన్నాళ్ళయ్యా ఇంకా?"

"తెలీదు."

"అయితే నేనే ఎల్తాను. హౌరాలో రైలెక్కి మా అన్న దగ్గరికి పోతాను. నీ బంద్ నువ్వే కాచుకు తాగు!"

మర్నాడు తెల్లారేసరికి మూట కట్టేసింది. గుమ్మం దాటిందో లేదో, పక్కింటి ముందు పాలవాడు యాదవ్ పాలు కొలుస్తున్నాడు. ఆ ఇల్లు నరసయ్యది. బడ్జ్ బడ్జ్‌లో ఆయన పనిచేసే జనపనార మిల్లుకి జనవరి నుంచీ లాకౌట్. పస్తులైనా ఉంటాడు గానీ ఒకరి దగ్గర చిటికెడు ఉప్పు అడగని మనిషి.

"ఏటి యాదవ్! మా పాలు బంద్ సేసి ఇక్కడ పోస్తన్నావా?"

యాదవ్ గొంతు తగ్గించాడు. "బంద్ కాదు బౌదీ. గుమ్మం మారింది, అంతే. ప్రేమానందం దాదాయే మార్చమన్నాడు."

ఇంతలో నరసయ్య భార్య గురవమ్మ గిన్నె పట్టుకుని వచ్చింది. "యూనియనోళ్ళు ఇప్పిస్తన్నారు వదినా. పాలు, సబ్బు, టీపొడి. ఏ యూనియనో గానీ, సల్లగుండాల."

రోజమ్మ మూటతో సహా గిర్రున వెనక్కొచ్చింది. కోపం తగ్గిందనుకునేరు, రెట్టింపైంది.

"నాకు సెబితే నీ సొమ్మేం పోద్ది? నేనంత రాయినా?"

ప్రేమానందం తల గోక్కున్నాడు. "నీకు సెబితే నవ్వుతా కూకుంటావు. గోడవతల నరసయ్యకి రోజూ నీ తిట్లు ఇనబడబట్టే కదే, ఆ పాలు మనవి కావని నమ్ముతన్నాడు. ఆ తిట్లు ఆగితే ఆడు పాలు ముడతాడా?"

రోజమ్మ మూట విప్పింది. తర్వాత గోడకి దగ్గరగా జరిగి, గొంతు సవరించుకుని ఎత్తుకుంది:

"ఓరి పిసినారోడా! నిన్ను కట్టుకుని నా బతుకు బూడిదైపోనాదిరో!"

అవతల గిన్నెలో పాలు పొంగిన చప్పుడు వినిపించింది. ప్రేమానందం అరచెయ్యి పైకి ఊపుతూ, ఇంకా గట్టిగా అన్నట్టు సైగ చేశాడు.

ఏప్రిల్ నెలాఖరుకి మిల్లు తెరుస్తున్నట్టు గేటుకి నోటీసు అంటించారు. నరసయ్యకి మొదటి జీతం చేతికొచ్చే రోజేదో గురవమ్మ నోట విని, రోజమ్మ తిట్టుకుంటూనే టీడబ్బా మూత మీద బొగ్గుముక్కతో రాసుకుంది: టీ లేచే దినం, మే పదిహేడు, శనివారం.