ఎదురు ఫ్లాట్ వెల్ష్, మా ఇంటి తెలుగు

డెబ్బైల చివర్లో మేము మిషిగన్‌లోని నోవైలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. చీకటితో వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవారు. పగలంతా ఇంట్లో నేనూ, నాలుగేళ్ళు నిండని మా అమ్మాయీ. తెలుగులో ఏం చెప్పినా దానికి అర్థమయ్యేది. జవాబు మాత్రం ఇంగ్లీషులో వచ్చేది, అదీ టీవీ నేర్పిన ఇంగ్లీషు.

ఎదురు ఫ్లాట్‌లో నా వయసావిడే ఒకామె ఉండేది. మొదటిసారి కలిసినప్పుడు "ఇంగ్లండ్ నుంచి వచ్చావా?" అని అడిగాను. ఆమె మొహంలో నవ్వు ఎగిరిపోయింది.

"వేల్స్ నుంచి. ఈ పొరపాటు ఇంకోసారి చేస్తే నీకు టీ ఇవ్వను," అంది.

ఆమె భర్త అమెరికన్. కొడుకు మా అమ్మాయి ఈడువాడు. వేల్స్ వాళ్ళకి వెల్ష్ అని సొంత భాష ఉందని, అది ఇంగ్లీషుకి ఏమీ కాదని ఆమె చెబితేనే నాకు తెలిసింది. కొడుకుతో ఆమె వెల్ష్ తప్ప ఇంకోటి మాట్లాడేది కాదు. వాడు ఇంగ్లీషు తప్ప ఇంకోటి మాట్లాడేవాడు కాదు. ఇద్దరి బాధా ఒకటే అని తేలాక మా స్నేహం బాగా కుదిరింది.

ఒకరోజు టీ తాగుతూ ఆమె ఉపాయం చెప్పింది. "పిల్లలు ఇంగ్లీషులో అడిగితే మనకి వినిపించదు. చెవిటివాళ్ళం అయిపోవడమే. కాసేపు ఏడుస్తారు. ఆఖరికి మన భాషలోనే అడుగుతారు."

"మీవాడు అడిగాడా?"

"రేపు మొదలుపెడుతున్నాను. నువ్వూ మొదలుపెట్టు."

మర్నాడు పొద్దున్నే మా అమ్మాయి వంటింట్లోకి వచ్చి "మమ్మీ, మిల్క్," అంది. నేను గిన్నెలు తోముకుంటూ ఉండిపోయాను. మళ్ళీ అంది. స్టూలెక్కి నా చెవిలోకి తొంగిచూసింది. ఏమీ కనపడలేదు కాబోలు, తలుపు తీసుకుని ఎదురింటికి నడిచింది. ఆ వేల్స్ ఆవిడ చెవుడు సొంత కొడుకు వరకే కదా, మా పిల్లకి గ్లాసు నిండా పాలు పోసి, పాలని తమ భాషలో ఏమంటారో కూడా చెప్పి పంపింది. "హ్లైత్" అట. సరిగ్గా అదే సమయానికి ఆమె కొడుకు మా వంటింట్లో నిలబడి "ఆంటీ, మిల్క్ ప్లీజ్," అంటున్నాడు. నేను వాడికి పాలు పోసి "పాలు, పాలు" అని నేర్పాను.

వారం తిరక్కుండా మా అమ్మాయి నా ముందు నిలబడి "మమ్మీ, హ్లైత్," అంది.

"తెలుగులో అడుగు."

"ఇంగ్లీష్ వద్దన్నావ్. దిస్ ఈజ్ నాట్ ఇంగ్లీష్."

పాలు పోశాను. ఎదురింట్లోంచి వాడు "పాలు, పాలు" అని అరవడం వినిపిస్తూనే ఉంది. పిల్లలు మా నియమాన్ని తప్పలేదు, దాని సందులోంచి దూరారు. సంగతి చెబితే వేల్స్ ఆవిడ నవ్వలేక కుర్చీలో కూలబడింది.

ఆ వసంతంలో నాకు రెండో కానుపు దగ్గరపడింది. మంచం దిగొద్దని డాక్టర్ చెప్పడంతో గుంటూరు నుంచి మా అమ్మని రప్పించాం. అమ్మకి ఇంగ్లీషు రాదు. వచ్చిందే అదనుగా నేర్చుకోవాలని గట్టిగా అనుకుంది. నన్ను కదిలించడం ఇష్టంలేక మనవరాలినే గురువుగా పెట్టుకుంది. నేను గదిలో పడుకుని ఉంటే హాల్లో పాఠాలు సాగేవి.

ఒకరోజు బాల్కనీలో సీతాకోకచిలుక వాలింది. మా అమ్మాయి "అమ్మమ్మా, పిలిపాల, పిలిపాల" అని చూపించింది. వెల్ష్‌లో సీతాకోకచిలుకని అలాగే అంటారు. అమ్మ వెంటనే గిన్నెలో పాలు పోసి బాల్కనీలో పెట్టింది. సాయంత్రానికీ పాలు అలాగే ఉన్నాయి.

"ఈ ఊరి పిల్లులకి ఎంత పొగరే," అంది నా గదిలోకి వచ్చి. నాకేమీ అర్థం కాలేదు.

శనివారాలు అమ్మ మా ఆయనతో సూపర్‌మార్కెట్‌కి వెళ్ళేది. తలుపు దగ్గర కనిపించినవాళ్ళందరికీ గుడ్ మార్నింగ్ అన్నట్టు "బోరె దా" అనేది. బిల్లు వేసే అమ్మాయికి "దియోల్ఖ్" అనేది. ఆ అమ్మాయి "ఎక్స్‌క్యూజ్ మీ?" అంటే అమ్మ జాలిపడేది. "పాపం, దీనికి ఇంగ్లీషు అంతంత మాత్రమే అల్లుడుగారూ," అనేది. మా ఆయనది వరంగల్. అదేదో గుంటూరు మాట అనుకుని ఊరుకున్నారు.

ఒక మధ్యాహ్నం వేల్స్ ఆవిడ కేక్ చేసి తెచ్చింది. తలుపు తీసిన అమ్మ పళ్ళెం అందుకుని, చేతులు జోడించి, "దియోల్ఖండి," అంది. పెద్దవాళ్ళతో మర్యాదగా మాట్లాడమని మనవరాలికి చెబుతూ, ఆ మాటకి అమ్మే "అండి" తగిలించింది.

తలుపు మూసిన చప్పుడు రాకపోయేసరికి నేను మెల్లగా లేచి వచ్చి చూశాను. వేల్స్ ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఏడుస్తోంది. ఈ దేశంలో అడుగుపెట్టాక పెద్దవాళ్ళెవరూ ఆమెతో వెల్ష్‌లో ఒక్క మాట అనలేదట. అమ్మ కంగారుపడింది.

"నేనేమన్నానే? థాంక్స్ అన్నాను, అంతే కదా?"

ఇంట్లో ఇంగ్లీషు వద్దన్నానని పిల్ల వెల్ష్ నేర్పిందని నిజం చెప్పాను. అమ్మ పళ్ళెం బల్లమీద పెట్టి, "అయితే ఆ బిల్లు పిల్ల ఇంగ్లీషు మంచిదే," అంది. అంతకుమించి నొచ్చుకోలేదు.

ఆ రోజు నుంచి ఇద్దరు పిల్లలూ మధ్యాహ్నాలు అమ్మ దగ్గరే. అమ్మకి కథలు చాలా వచ్చు, తెలుగులో మాత్రమే వచ్చు. మధ్యలో ఆపేసి "తర్వాతేమైందో అడగండి," అనేది. ఇంగ్లీషులో అడిగితే ఆమెకి నిజంగానే అర్థం కాదు. అందుకని తెలుగులో అడగక తప్పేది కాదు. మా బాబు పుట్టి బోర్లాపడేనాటికి మా అమ్మాయి తెలుగులో దెబ్బలాడుతోంది. ఎదురింటి పిల్లాడు అన్నం కలిపి పెట్టమని అచ్చం గుంటూరు యాసలో గోల చేస్తున్నాడు.

అమ్మ వెళ్ళిపోయాక వేల్స్ ఆవిడ నా దగ్గరికి వచ్చి, "మా అమ్మకి టికెట్ బుక్ చేశాను," అంది.

మరుసటి వేసవిలో ఆ పెద్దావిడ దిగింది. బూడిదరంగు కోటు, గట్టి మనిషి. ఆవిడకి ఇంగ్లీషు బాగానే వచ్చు. కూతురు ముందే చెప్పి ఉంచినట్టుంది, వచ్చిన రోజు నుంచీ రానట్టు నటించింది. చివరికి, ఆవిడని అదే మొదటిసారి చూసిన అల్లుడు కూడా నమ్మాడు. మేము వాళ్ళింటికి భోజనానికి వెళ్ళినప్పుడు, ఉప్పు కావాలంటే చేతులతో సైగలు చేసేవాడు. ఆవిడ అమాయకంగా మిరియాల సీసా అందించి, బల్ల కింద నుంచి నా కాలు తన్నేది.