వెంకట్రాజం కారు, రాజేశ్వరి బంగారం

కాశిబుగ్గలో కిరాణా కొట్టు నడిపే వెంకట్రాజానికి పెద్దలిచ్చిన ఆస్తి మొండితనం ఒక్కటే. ఇంజన్ పనైపోయింది, పాత ఇనుము కింద అమ్ముకొమ్మని మెకానిక్ యాకయ్య చెప్పిన కారును కొని, ఎడ్లతో ఇంటికి లాగించుకొచ్చాడు. మధ్యాహ్నాలు కొట్టు మూసి తనే విప్పడం మొదలుపెట్టాడు. విప్పడం ఎవడైనా విప్పుతాడు. బిగించడానికే ఆయనకు రెండేళ్లు పట్టింది. బియ్యం చెరిగే చాటలో పిస్టన్ రింగులు చూసి జనం నవ్వితే, రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరుస్తానా అనేవాడు.

ఇదంతా సరదాకి కాదు. భార్య రాజేశ్వరికి మోకాళ్లు పట్టేశాయి. బస్సు మెట్టు ఎక్కలేకపోతోంది. తన ఎత్తు బంగారం ఇస్తానని మేడారం సమ్మక్కకు మొక్కుకున్నాక, రెండేళ్లకోసారి వచ్చే జాతర ఒకటి దాటిపోయింది. వచ్చేదానికి మంచం దిగగలదో లేదో. ఆ తల్లికి బంగారమంటే బెల్లమే, అది కొట్లో బస్తాలకొద్దీ ఉంది. పోయే దారే లేదు.

"ఈపారి మన కార్లనే పోదాం, ఫికర్ చెయ్యకు" అన్నాడు.

ఎనభై రెండో సంవత్సరం మాఘంలో, జాతర మూడు రోజులుందనగా ఇంజన్ పలికింది. వెంకట్రాజం ఏడ్చేశాడు.

బయలుదేరిన పొద్దున రాజేశ్వరిని మెల్లగా వెనక సీట్లో కూర్చోబెట్టి, పక్కన బెల్లం ముద్దలు పేర్చాడు. ములుగు దాటి అడవిలో పడ్డాక కారు దగ్గి ఆగిపోయింది. కార్బొరేటర్ విప్పి, తుడిచి, బిగించాడు. ఫర్లాంగు పోయి మళ్లీ ఆగింది. మూడోసారి విప్పితే అడుగున జిగట మడ్డి కనబడింది. వేలితో తీసి నాలుకకు రాసుకున్నాడు. తియ్యగా ఉంది.

"రాజేశ్వరీ, పెట్రోలు పోసేకాడ ఏమన్న ఏసినవా?"

"పోయిన జాతరకు పక్కింటి రాజక్క తెచ్చిచ్చిన బంగారం ఉండె గద. పొద్దుగాల దంచి పోసిన. నువ్వు ఆడనే పోస్తవు, అదే దాని నోరనుకున్న. మంచిగ తీస్కపోతదని. తప్పయిందా అయ్యా?"

తిట్టడానికి నోరు తెరిచాడు. ఆమె మోకాళ్లు పట్టుకుని భయంగా చూస్తోంది. ట్యాంకు నిండా అదే ఉంటే ఎన్నిసార్లు తుడిస్తే ఏం లాభం? కార్బొరేటర్‌ను గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు.

"ఏం లేదు. నేనే ఒక నట్టు సరిగ బిగియ్యలే."

"నేనప్పుడే అనుకున్న. అమ్మ బంగారం పోసిన గనుక ఈడిదాకనన్న వచ్చింది."

తొర్రూరు నుంచి జాతరకు పోతున్న రైతు మొగిలి ఎడ్లబండి ఆపి, "రా అక్కా, ఎక్కు" అన్నాడు. ఇద్దరూ కలిసి ఎత్తబోతే రాజేశ్వరి నొప్పికి కేక పెట్టింది. మళ్లీ కారులోనే కూర్చోబెట్టారు. చివరికి బెల్లం ముద్దలు బండెక్కాయి. ఆమె ఎత్తు బంగారం అమ్మ దగ్గరికి పోతుంటే, ఆమె కారులోంచే దండం పెట్టింది.

బండి కనుమరుగయ్యాక అడిగింది.

"ఏమయ్యా, వచ్చే జాతరకు ఆ నట్టు మంచిగ బిగిస్తవా?"

"బిగిస్త" అన్నాడు వెంకట్రాజం, ఆమె కాళ్ల వంక చూడకుండా.