ఒక కార్డు మీద ఇద్దరు

సూరత్ గోడాదరాలో మా గల్లీ మొదట్లో ఉన్న జిరాక్స్ దుకాణంలో నేను ఏడేళ్లు పనిచేశాను. పేరుకు జిరాక్స్ దుకాణమే కానీ అది నడిచిందంతా కార్డుల మీద. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, పాన్ కార్డు, ఓటరు కార్డు, బడిపిల్లల ఐడీ కార్డు. సిమ్ కార్డుకు ఫొటో కావాలని వచ్చేవాళ్లు, పెళ్లి కార్డులో పెద్దమామ పేరు మర్చిపోయామని పరుగెత్తుకొచ్చేవాళ్లు. తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, మరాఠీలు, యూపీ వాళ్లు, ఎవరి భాష వాళ్లదే అయినా ఈ ఒక్క మాట అందరి నోటా ఒకటే. ఇంగ్లీషు ముక్క రాని మా అమ్మను, కార్డును తెలుగులో ఏమంటారని ఒకసారి అడిగాను. నాకేమైనా తిక్క రేగిందేమోనన్నట్టు చూసి, "కార్డే" అంది.

మా ఇంట్లో ఆ మాటకు ఇంకా చాలా పనులుండేవి. మా నాన్నను బాపు అంటాం. బాపు కడోదరా రోడ్డు మీది కార్ఖానాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. చీర అంచు మీద నెమలి రావాలంటే సాంచా పైన రంధ్రాలు పొడిచిన అట్టల దండ తిరగాలి. ఆ అట్టలూ కార్డులే. ఒక్క అట్ట తారుమారైతే నెమలికి మెడ ఉండదు. పాతబడిన అట్టలు ఇంటికొస్తే అమ్మ వాటితో విసురుకునేది. మా తాత పోయినప్పుడు సిరిసిల్ల నుంచి మూల చింపిన పోస్టు కార్డు వచ్చిందట. మూల చిరిగిందంటే చావు కబురని చదువు రానివాళ్లకు కూడా తెలుసు. ఆదివారం గల్లీలో ఆడుకునే పేకముక్కలను మాత్రం ఎవరూ కార్డులనలేదు, అవి పత్తాలే. ఎందుకో నాకు ఈనాటికీ తెలియదు.

వీటన్నిటికంటే పెద్దది హాజరీ కార్డు. కార్ఖానాలో ప్రతి మనిషికీ పసుపుపచ్చటిది ఒకటి ఉంటుంది. షిఫ్టు మొదట్లో మాస్టర్ పేరు పిలుస్తాడు, "హాఁ" అంటే టిక్కు పడుతుంది. తలెత్తి ముఖం చూసే తీరిక ఎవరికీ ఉండదు, సాంచాలు ఆగకుండా తిరిగితే చాలు. అందుకని మావాళ్లలో ఒక అలవాటు ఉంది. ఒకరికి జ్వరమొచ్చినా, ఊళ్లో చావైనా, ఇంకొకరు వెళ్లి వాళ్ల కార్డు మీద నిలబడతారు. దాన్ని మోసమని ఎవరూ అనుకోరు, సాయం అనుకుంటారు.

మా కాక, అంటే బాపు తమ్ముడు, సూరత్ వచ్చిన కొత్తలో రెండేళ్లు బాపు కార్డు మీదే పనిచేశాడు. తర్వాత అతని కార్డు అతనికి వచ్చింది. అయినా ఇద్దరూ ఒకరికి బదులు ఒకరు పోతూనే ఉన్నారు. బాపు పేరు పిలిస్తే కాక పలికేవాడు, కాక పేరు పిలిస్తే బాపు పలికేవాడు. ఆరేళ్ల తేడా ఉన్నా ఇద్దరిదీ ఒకే ముక్కు, ఒకే బట్టతల. నేను మాత్రం దుకాణంలో కూర్చుని వచ్చినవాళ్లందరికీ నీతులు చెప్పేదాన్ని. ఒకరి కార్డు ఇంకొకరికి ఇయ్యకండి, ఎప్పుడో మెడకు చుట్టుకుంటుందని కసురుకునేదాన్ని. అంత మంచి నోరు నాది.

మొదటి లాక్‌డౌన్‌లో కార్ఖానాలు మూతపడ్డప్పుడు కాక, చిన్నమ్మ సిరిసిల్ల వెళ్లిపోయారు. దీపావళి తర్వాత సాంచాలు మళ్లీ తిరగడం మొదలయ్యాక కాక ఒక్కడే తిరిగొచ్చి మా గదిలో ఉన్నాడు. చిన్నమ్మ అక్కడే బీడీలు చుట్టుకుంటూ ఉండిపోయింది. ఎండాకాలం పోగానే తీసుకొస్తానని కాక రోజూ ఫోన్లో చెప్పేవాడు.

ఏప్రిల్‌లో కాకకు జ్వరం తగిలింది. నాలుగో రోజు మధ్యాహ్నానికి మాట మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. అంబులెన్స్ దొరకలేదు. పక్క గల్లీ ఆటోవాడి కాళ్లావేళ్లా పడి బాపు, నేను అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్లాం. గేటు దగ్గర పెద్ద వరుస. కొందరు నేల మీదే పడుకున్నారు. అంతమంది మనుషులు అంత నిశ్శబ్దంగా ఉండటం నేను అంతకుముందు చూడలేదు. మా ముందున్న ఆమె, బయటి రాష్ట్రం కార్డైతే వెనక్కి పంపుతున్నారని చెప్పింది. అది నిజం కాదని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నమ్మాను.

ఇద్దరి ఆధార్ కార్డులూ నా సంచీలోనే ఉన్నాయి. కాకది సిరిసిల్ల అడ్రసు, బాపుది గోడాదరా అడ్రసు. కిటికీ దగ్గర కార్డు అడిగారు. నేను బాపుది తీసి ఇచ్చాను. నన్ను ఎవరూ అలా చేయమనలేదు. బాపు చూశాడు. కాక కూడా చూశాడు. స్ట్రెచర్ మీదకు ఎక్కుతూ, ఆ ఆయాసంలోనే నవ్వి నాతో అన్నాడు.

"ఏం కాదు తీ బిడ్డా. అన్న షిఫ్టు జేసొస్త."

లోపలి తలుపు మూసుకుంది. మళ్లీ ఆ గొంతు వినలేదు.

రోజూ సాయంత్రం ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చేది. ఇచ్చింది బాపు నంబరు కాబట్టి బాపే ఎత్తేవాడు. అవతల బాపు పేరు చెప్పి, పేషెంటుకు ఆక్సిజన్ పెట్టామని, నిన్నటికంటే పర్వాలేదని చెప్పేవారు. తన ఆరోగ్యం సంగతి తానే ఫోన్ చెవికి ఆనించుకుని వినేవాడు బాపు. మొదటి రోజు ఫోన్ పెట్టేసి, "నేను మంచిగనే ఉన్ననట" అన్నాడు. అమ్మ చెంబు విసిరేసినంత పని చేసింది. రెండో రోజు నుంచి ఎవరమూ నవ్వలేదు.

మూడో రోజు నేను కాక అసలు కార్డు పట్టుకుని ఆస్పత్రి విచారణ బల్ల దగ్గరికి వెళ్లాను. తప్పు ఒప్పుకుని పేరు మార్పిద్దామనే వెళ్లాను, ఒట్టు. రెండు గంటలు వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి, దొంగ కార్డిచ్చారని బెడ్డు మీంచి దింపేస్తే ఏం గతి అనిపించింది. అలా ఎవరినైనా దింపుతారా అని ఆలోచించే బుద్ధి నాకప్పుడు లేదు. కార్డును గుప్పిట్లోనే ఉంచుకుని, ఎలా ఉన్నాడని మాత్రం అడిగి వచ్చేశాను. నాలుగు మాటలు చెప్పి ఉంటే సరిపోయేది. ఇప్పటికీ అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆరో రోజు ఫోన్ పొద్దున్నే వచ్చింది. అందరికీ వినపడాలని బాపు స్పీకర్ పెట్టాడు. అవతల గుజరాతీ యాసలో హిందీ. బాపు పేరు చెప్పి, మీరు ఆయనకు ఏమవుతారని అడిగారు. బాపు మా అందరి ముఖాలూ చూసి, "ఛోటా భాయ్" అన్నాడు. ఆ గొంతు ఇంకోసారి బాపు పేరు చెప్పి, "ఆఫ్ హో గయే" అంది. సూరత్‌లో మనిషి పోతే అలాగే అంటారు.

అమ్మకు అన్నీ తెలుసు. కార్డు సంగతీ తెలుసు, లోపల ఉన్నది మరిదని తెలుసు, భర్త రెండడుగుల దూరంలో బనీనుతో నిలబడి కనిపిస్తూనే ఉన్నాడు. అయినా ఆ పేరు పక్కన ఆ మాట వినగానే పుస్తెలు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూలబడిపోయింది. నేనూ అంతే. కాక పోయాడన్న మాట నా బుర్రకెక్కలేదు. బాపు వంకే చూస్తూ ఉండిపోయాను. బాపు తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని చూసుకోవడం నేను చూశాను.

శవాన్ని అప్పగించాలంటే దగ్గరివాళ్ల కార్డు కావాలన్నారు. బాపు కార్డు చనిపోయినవాడి ఫైల్లో ఉంది. మా దగ్గర మిగిలింది కాకది. బాపు కాక కార్డు చూపించి, కాక పేరు రాసి, కాగితం మీద తన మరణానికి తానే సంతకం పెట్టాడు. ప్లాస్టిక్ జిప్పు కొంచెం తీసి దూరం నుంచి ముఖం చూపించారు. కాకే. గడ్డం పెరిగింది, ముక్కు మీద మాస్కు నొక్కుకున్న గుర్తు ఉంది.

శ్మశానం దగ్గర కూడా వరుసే. తెల్ల సూట్లు తొడుక్కున్న కుర్రాళ్లు చేతిలో జాబితాతో ఒక్కొక్క పేరూ పిలుస్తున్నారు. పిలిచిన పేరుకు తాలూకువాళ్లు ముందుకు వెళ్లాలి. గంటసేపు తర్వాత బాపు పేరు పిలిచారు.

"హాఁ," అన్నాడు బాపు.

ముప్ఫై ఏళ్ల అలవాటు, చెయ్యి కూడా ఎత్తాడు. జాబితా పట్టుకున్న కుర్రాడు బాపు వైపు, బండి మీది మూట వైపు చూశాడు. అక్కడున్నవాళ్లంతా తిరిగారు. బాపు ఎత్తిన చెయ్యి దించడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు. నేనే ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాను.

చిన్నమ్మకు ఆ మధ్యాహ్నమే ఫోన్ చేశాం. ఏడుపు వినపడలేదు. ముఖం చూశారా అని అడిగింది, చూశామన్నాం. అయితే చనిపోయినట్టు పేపరు పంపండి అంది. అదే మేం పంపలేకపోయాం. రైళ్లు లేవని, ఆఫీసు తెరవలేదని, పేపరు రాలేదని రెండు నెలలు అబద్ధాలు చెప్పాం. పేపరు వారంలోనే వచ్చింది. దాని ప్రింటు తీసింది నేనే. గుజరాతీలో బాపు పేరు, బాపు వయసు, మా ఇంటి అడ్రసు.

అక్కడ చిన్నమ్మ పరిస్థితి మాకు వేరేవాళ్ల ద్వారా తెలిసింది. శవం లేదు, బూడిద లేదు, కాగితం లేదు. వాడలో ఒకళ్లు ఒకటంటే ఇంకొకళ్లు ఇంకొకటి. సూరత్‌లో ఇంకో సంసారం పెట్టుకుని ఉంటాడు, అన్నా వదినా దాస్తున్నారు అని కూడా అన్నారట. చిన్నమ్మ దినాలు చెయ్యనివ్వలేదు, బొట్టు తియ్యలేదు, ఏడవనూ లేదట. కాగితం చూపించేదాకా నా పెనిమిటి బతికున్నట్టే అని అందరితో కొట్లాడిందట.

రైళ్లు కాస్త సర్దుకున్నాక చెప్పాపెట్టకుండా వచ్చేసింది. చేతి సంచీ కింద పెట్టకముందే పేపరు అడిగింది. ఇక దాచడం నా వల్ల కాలేదు. తెచ్చి చేతికిచ్చి, అందులో ఎవరి పేరుందో, ఎందుకుందో, కార్డు ఇచ్చింది నేనేనని అంతా చెప్పాను. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. కాగితాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, బాపుతో నెమ్మదిగా అంది.

"నువ్వు బతికున్నవ్ బావా, నాకు సంతోషమే. మరి నా మనిషి ఏడ సచ్చిండో జర చూపియ్యి. ఏ కాగితంల సచ్చిండు?"

దొంగ కార్డు పెట్టామని ఒప్పుకుంటే కేసవుతుందని, జైల్లో పెడతారని ఆ రెండు నెలలూ బాపు భయపడుతూనే ఉన్నాడు. నేనూ భయపడ్డాను. ఆ రోజు అన్నం ఎవరూ ముట్టలేదు. మర్నాడు పొద్దున్నే బాపు స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, పదండి అన్నాడు.

మరణాలు నమోదు చేసే ఆఫీసులో కౌంటర్ వెనక ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. బాపు ఆ కాగితం ముందు పెట్టి, తన కార్ఖానా హిందీలో, ఇందులో చచ్చిపోయిన మనిషిని నేనే అన్నాడు. ఆయన పెన్ను పక్కన పెట్టి బాపును పైనుంచి కిందిదాకా చూశాడు. బాపు ఏదీ దాచలేదు. ఆటో, వరుస, కార్డు, హాజరీ, తమ్ముడు, అన్నీ చెప్పాడు. కార్డు ఇచ్చింది నేనని మధ్యలో నేను చెప్పబోతే నన్ను ఆపేశాడు. పెద్దాయన తిట్టలేదు. చాలా తిరగాల్సి ఉంటుంది, ప్రమాణ పత్రం రాయాలి, అన్నాడు. తెల్ల కాగితం ఒకటి ముందుకు లాక్కుని, చనిపోయినవాళ్ల అసలు పేరు చెప్పమన్నాడు.

బాపు నోరు తెరిచాడు. పేరు రాలేదు. నేను చెబుదామనుకునేలోపు చిన్నమ్మ నన్ను పక్కకు జరిపి కౌంటర్ దగ్గరికి వచ్చింది.

మా వాళ్లలో ఆడవాళ్లు భర్త పేరు నోటితో పలకరు. రేషన్ దుకాణంలో అడిగినా పక్కవాళ్లను చెప్పమంటారు. చిన్నమ్మ నోట కాక పేరు నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ వినలేదు.

ఆమె ఆ పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా చెప్పింది. పైన ఫ్యాను చప్పుడుకు పెద్దాయనకు వినపడలేదు, మళ్లీ చెప్పమన్నాడు. ఈసారి గది మొత్తానికీ వినపడేలా చెప్పింది. ఆయన రాసుకున్నాడు. రాసిన అక్షరాల మీద వేలు పెట్టి, ఇదేనా అని చిన్నమ్మ నన్ను అడిగింది. ఇదే అన్నాను. అప్పుడు ఆమె కౌంటర్ చెక్క మీద తల ఆనించి, కాక పోయిన రెండు నెలలకు, మొదటిసారి ఏడ్చింది.