రాయిలో ఆయిల్ పర్సెంటేజి

భూమి లోపలి రాయిలో నూనె ఎంతుందో చెప్పడం నా ఉద్యోగం. రాయిని పిండి చూడను. బోరులోకి తీగకు కట్టిన పరికరాన్ని దించి పైకి లాగుతాం. రాయిలో శబ్దం ఎంత వేగంగా పోతోందో, కరెంటు ఎంత కష్టపడి పోతోందో తెర మీద రెండు గీతలుగా పడుతుంది. బురద పొరలు పొరలుగా గట్టిపడిన షేల్ రాయిలో ఆ గీతలు దూరంగా జరిగితే అక్కడ నూనె ఉండవచ్చు. ఈ 'ఉండవచ్చు' మా సార్ చెవిలోకి వెళ్లేసరికి 'ఉంది' అయిపోతుంది.

ఏన్కూరు దాటి చండ్రుగొండ వైపు, అడవి అంచున మొదటి బోరు వేశాం. పక్కనే ఒక పెద్దాయన పామాయిల్ తోట. ఆయనింట్లోనే ఒక గది కిరాయికి తీసుకున్నాను, భోజనమూ అక్కడే. మొదటి సాయంత్రమే టీ ఇప్పించి అడిగాడు.

"ఏంది బిడ్డా, మీ దాంట్ల ఆయిల్ పర్సెంటేజి ఎంతొస్తది?"

మురిసిపోయాను. నా పని గురించి మా ఇంట్లోవాళ్లే ఇంత సూటిగా ఎప్పుడూ అడగలేదు.

"అదృష్టం బాగుంటే రెండో మూడో, బాబాయ్."

ఆయన ముఖం వాడిపోయింది. "గంతేనా? మా గెలలకు ఎన్నో రెట్లు ఎక్కువొస్తది. గది గూడ ఫ్యాక్టరీవాళ్లు తగ్గించి రాస్తరు."

అప్పుడు వెలిగింది. ఇక్కడ ఆయిల్ పర్సెంటేజి అంటే గెలల్లోంచి ఫ్యాక్టరీలో దిగే నూనె. రైతుకు ధర కట్టేది దాన్నిబట్టే. నాది రాయి సంగతి అని విడమరిచి చెప్పాను. తలూపాడు గానీ నమ్మలేదు. మర్నాటి నుంచి నా కంచంలో కూర ఒక గరిటె ఎక్కువే పడేది. పాపం, రెండు పర్సెంట్ పిల్ల కదా.

కొన్నాళ్లకు ఒక లోతులో గీతలు బాగా విడిపోయాయి. సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఇదమ్మా మన నూనె."

"అది బొగ్గు సార్. బొగ్గు దగ్గర కూడా గీతలు ఇలాగే విడిపోతాయి. రాయి బరువు చూపించే గీత చూడండి, అక్కడ ఎంత తేలికగా ఉందో."

"నువ్వు మరీ నెగెటివ్ అమ్మా," అని ఆయన బొగ్గునంతా నూనె ఖాతాలో కలిపేశారు. ఆ లెక్క చూసి ఒళ్లు మండిపోయింది.

పెట్టుబడిదారులు చూడటానికి వచ్చినరోజు పెద్దాయన కూడా అక్కడే ఉన్నాడు. "ఇక్కడ ఆయిల్ శాతం బ్రహ్మాండం, కావాలంటే ఈయన్ని అడగండి," అన్నారు సార్. తన తోట విలువ తెలిసినవాడు ఇన్నాళ్లకు దొరికాడని పెద్దాయన పొంగిపోయాడు.

"అవ్ సార్. మా అంత పర్సెంటేజి ఈ చుట్టుపక్కల ఎవ్వరికి రాదు."

వచ్చినవాళ్లు అది రాసుకున్నారు. మరుసటి వారం తోటలో ఎర్రజెండాలు పాతారు, రెండో బోరుకూ లారీల దారికీ. చెట్లు నిండు కాపు మీదున్నాయి.

ఆ జెండాలు ఏంటని పెద్దాయన అడిగితే దాచకుండా చెప్పాను. నన్ను గడప మీద కూర్చోబెట్టాడు.

"ఎక్కువ రాయుండ్రి అని ఫ్యాక్టరీవాళ్లతోని ఏండ్లకేండ్లు కొట్లాడిన బిడ్డా. ఇప్పుడు నిన్నడుగుతున్న, జర తక్కువ రాయి."

"ఉన్నదే తక్కువ, బాబాయ్. నేను అబద్ధం రాయక్కర్లేదు," అన్నాను.

సార్ దగ్గరకు వెళ్లి, గీతలు విడిపోయిన ఆ లోతులోంచి తీసిన రాయిముక్కను ల్యాబ్‌కు పంపితే తప్ప సంతకం పెట్టనని చెప్పేశాను. టీమ్ స్పిరిట్ గురించి చాలాసేపు విన్నాను. పెట్టుబడిదారులకు నా సంతకం కావాలి కాబట్టి ముక్క ల్యాబ్‌కు వెళ్లింది, బొగ్గుగా తిరిగొచ్చింది. దానికి పైనా కిందా ఉన్న షేల్‌లోనూ చెప్పుకోదగ్గ నూనె లేదు. సార్ మాత్రం తగ్గలేదు. ఈ ప్రాంతంలో బొగ్గు దొరికే అవకాశాలు ఆశాజనకంగా ఉన్నాయని రిపోర్టు ముగించారు. పక్కనున్న కొత్తగూడెంలో తాతల కాలం నుంచి తవ్వుతున్నది ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేరు.

జెండాలు పీకేశారు. నేను వెళ్లేరోజు పెద్దాయన జీపు దాకా వచ్చి, అటూ ఇటూ చూసి, కిటికీలోకి వంగాడు.

"తక్కువ రాసినవ్ బిడ్డా, సల్లగుండు. గా కాగితం మాత్రం ఫ్యాక్టరీవాళ్ల కంట పడనియ్యకు."