మనుషుల్లేని ఓడ

పోయిన నెల కూర్మన్నపాలెంలో అమ్మ ఉండే ఫ్లాటుకు నేనూ తమ్ముడూ భోజనానికి వెళ్లాం. అటక మీద, పాత చీరతో కుట్టిన తొడుగులో ఉన్న మా చిన్ననాటి కంప్యూటరును దించమంది అమ్మ. ఎందుకని అడిగితే పెరుగు వడ్డించేదాకా చెప్పలేదు.

"మీ నాన్న గొంతు మర్సిపోతన్నానే. ముఖమంటే ఫొటోలో ఉంది. గొంతుకి ఏటి సెయ్యను? ఆ డబ్బాలో మీరేవో రికార్డులు సేసేవోరు కదా, ఒకపాలి ఎతకండి."

నాన్న పోయి చాలా ఏళ్లయింది. ఆయన గొంతు ఉన్న క్యాసెట్టు గానీ వీడియో గానీ మాకు లేదు. పెళ్లిళ్ల వీడియోల్లో కూడా వెనక వరసలో నోరు మూసుకుని నిలబడి ఉంటారు.

నాకు భయం వేసింది. ఎందుకో చెప్పాలంటే నాన్నకు స్టీల్‌ప్లాంటు వాళ్లిచ్చిన మా ఉక్కునగరం క్వార్టర్ సంగతి చెప్పాలి. నాన్నకు సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ పడిన వారం పగలంతా మా ఇల్లు నోరు కట్టేసుకునేది. కుక్కరు కూతకు జడిసి అమ్మ గిన్నెలోనే అన్నం వార్చేది. కూరలమ్మే ఆమె కూడా కిటికీలు మూసున్న ఇల్లు చూసి కేక వేయకుండా దాటిపోయేది. నాన్న పడుకున్న గది పక్కనే కంప్యూటరు. అందుకని మేం దాని ముందు మాట్లాడిందంతా గుసగుసే.

దాంట్లో బొమ్మలూ చప్పుళ్లూ కలిపి ఒక కథ తయారుచేసేవాళ్లం. ఇప్పుడు ఫోనులో అరనిమిషంలో అయిపోయే పనే కదా అంటాడు నా కొడుకు. వాడి మొహం, వాడికేం తెలుసు. మౌసుతో గీస్తే సముద్రం మెట్లు మెట్లుగా వచ్చేది. ఒక్కో బొమ్మలో ఓడను కొంచెం కొంచెం జరిపి, వరసగా చూపించి, అది కదిలిందని మురిసిపోయేవాళ్లం. ఎర్ర గుండీ నొక్కితే ఒక్క నిమిషమే రికార్డయ్యేది, ఆ పైన ఆగిపోయేది; మళ్లీ నొక్కితే దాని వెనకే ఇంకో నిమిషం అతుక్కునేది. బకెట్లో చెయ్యి తిప్పితే అలలు, సీసా మూతిలో ఊదితే ఓడ కూత. కథ కూడా మాదే. విశాఖ రేవులోకి ఒక ఓడ వస్తుంది, అందులో మనుషులు ఉండరు.

కానీ నాన్న గురక గోడ దాటి మైకులో పడేది. తమ్ముడు ఒప్పుకునేవాడు కాదు. "ఓడలో ఎవులూ లేరు కదక్కా, గురకెలా వస్తాది?" అనేవాడు. నిజమే కదా అని, ఆయన గురక గానీ దగ్గు గానీ పడిన ప్రతి ముక్కనూ చెరిపేసి మళ్లీ చేసేదాన్ని. చెరిపిందంతా నేనే. ఆ సంగతి ఆ రోజు అన్నం ముందు కూచుని అమ్మకు చెప్పలేకపోయాను.

తమ్ముడు తీగలు తగిలించాడు. లోపలి బిళ్ల బ్యాటరీ చచ్చిపోయి కంప్యూటరు గడియారం మేమింకా పుట్టని తేదీ చూపించింది. ఎవరూ చెప్పకుండానే ముగ్గురం గొంతు తగ్గించాం. అమ్మ లేచి వెళ్లి ఫ్యాను ఆపింది.

ఓడ కథ ఏడు ముక్కలు. ఒక్కొక్కటే నొక్కాం. అలలు, కూత, ఇద్దరు పిల్లల గుసగుస. గోడ అవతల మనిషి అలికిడే లేదు. ఎంత శుభ్రంగా తుడిచేశానో! ఆరో ముక్క అయ్యేసరికి నాకు ఏడుపొచ్చేసింది.

ఏడోది మా గుసగుస అయ్యాక ఆగలేదు. టక్కుమని చిన్న చప్పుడు, తరవాత ఖాళీ గది. చెప్పుల సవ్వడి. ప్లాస్టిక్ కుర్చీ కిర్రుమంది. మైకుకు బాగా దగ్గరగా ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు. తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"నానేనర్రా... ఇనబడతందా?"

నాన్న. మేం ఆడుకోవడానికి వెళ్లినప్పుడు వచ్చి, మమ్మల్ని చూసి నేర్చుకున్న ఎర్ర గుండీ నొక్కి ఉంటారు. తరవాత మేం వచ్చి, దాచమంటావా అని కంప్యూటరు అడిగితే చూడకుండానే అవునని నొక్కేసి ఉంటాం. కానీ ఆయనా గుసగుసగానే మాట్లాడుతున్నారు. పిల్లలు దాంతో ఎప్పుడూ అలాగే మాట్లాడటం చూసి, ఆ యంత్రంతో అలాగే మాట్లాడాలి కాబోలనుకున్నారు పాపం. గుసగుసలో గొంతుండదు, ఊపిరే ఉంటుంది. అమ్మ అడిగిన గొంతు అక్కడ కూడా లేదు.

"పగలు నాకు ఓ కునుకే గానీ నిద్దర పట్టదర్రా. లెగిసే ఉంతాను. మీ కతంతా ఇంటన్నాను. గట్టిగా మాటాడుకోండి, పర్లేదు. నాను లెగిసే..."

నిమిషం అయిపోయింది.

నేను అమ్మ వైపు చూడలేకపోయాను. ఆమె కుర్చీ ముందుకు లాక్కుని, ఆ నల్లటి స్పీకరు డబ్బాకేసి, మేమెన్నడూ విననంత గట్టిగా అరిచింది.

"లెగిసే ఉంటే నన్నొక్కపాలి పిలవొచ్చు కదేటి! పక్కగదిలో మూగదాన్నై కూకున్నాను అన్నేళ్లూ!"

ఎదురింటి తలుపు తెరుచుకుంది. అమ్మ ఆ డబ్బాకేసే చూస్తూ ఉంది. తమ్ముడు మళ్లీ నొక్కాడు. కుర్చీ కిర్రుమంది, వినబడుతోందా అని ఆయన గుసగుసగా అడిగారు.

"ఇనబడతంది," అంది అమ్మ.