వడ్లగింజ పక్కన కీచురాయి

వీరేశం గారు కన్నుమూశారన్న కబురు వచ్చేసరికి నేను వేములపల్లి బడి వెనక వేపచెట్టు దగ్గర, ఒక చేతిలో వడ్లగింజ, ఇంకో చేతిలో ఫోన్ పట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నాను. గింజ జారిపోయింది. కీచురాయి ఎగిరిపోయింది. అయ్యో, ఫోటో పోయింది, ఇప్పుడు ఆయన తిడతారు అన్నదే ముందు తోచింది నాకు. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

మిర్యాలగూడలో ధాన్యం వ్యాపారం ఆయన వృత్తి. ఎండాకాలమంతా చెట్లమీద అరిచే కీచురాయిని ఫోటోలో చూసి ఏ జాతిదో చెప్పడం ఆయన తపస్సు. దోసెడు వడ్లు చూసి రకం చెప్పే ఆ సునిశిత నేత్రమే రెక్కల ఈనెలనూ వీపు మచ్చలనూ చదివేది. సూర్యాపేట నుంచి కోదాడ దాకా ఉపాధ్యాయులం, రైతులం వాట్సాప్ గ్రూపులో ఫోటోలు పంపేవాళ్లం. ఆయన శాసనాలు రెండే. వీపు, పక్క, పొట్ట మూడూ కనబడాలి. కొలతకు పక్కన ఒక వడ్లగింజ ఉండాలి.

"మనిషినైతె మొకం సూసి గుర్తువడతం టీచరమ్మా. దీనికి పొట్ట సూడాలె. పాట పుట్టేది గాడనే," అనేవారు.

ఆ గింజే ఒకసారి ఆయన పరువు తీసింది. గరిడేపల్లి రైతు పంపిన ఫోటో చూసి, ఇది మన వైపు ఎన్నడూ కనబడని చిన్న జాతి అని గ్రూపులో చాటారు. అభినందనలు వెల్లువెత్తాయి. మూడోనాడు తనే గొంతు రికార్డు చేసి పంపారు: "తప్పయింది. సన్నవడ్లనుకున్న, అది దొడ్డు గింజ. పురుగు మనం రోజు సూసే పెద్దదే. పురుగును సూస్కుంట గింజను సూడలే."

"సేటుగారూ, కొట్లో వడ్లు కూడా ఇలాగే చూస్తారా అండీ?" అన్నాడు కోదాడ మిత్రుడు. అందరికన్నా ఎక్కువ నవ్వింది ఆయనే. ఆనాటి నుంచి గింజ ఏ రకమో కూడా రాయాలని మూడో శాసనం వచ్చింది!

నిరుడు నేను పంపిన కీచురాయికి వీపు ఒక్కటే పడింది. బడిలో పిల్లలు గీసిన చార్టు మీద దాని పేరు గడి ఖాళీగా ఉంది. అందాజుగా ఏదో ఒకటి చెప్పమని బతిమాలాను.

"తెల్వదు. తప్పు పేరు పెడితె పురుగుకేం నష్టం లేదు, అది అరుసుకుంటనే ఉంటది. నష్టం పిల్లలకు. వచ్చే ఎండకాలం పొట్ట తీస్కరా, అప్పుడు చెప్త."

నేను ఆ వేపచెట్టు కింద నిలబడింది దానికోసమే.

సంతాపసభలో ఆయన భార్య శకుంతలమ్మ గారు పటం వైపు చూసి, "ఊరందరిని మూడేసి ఫోటోలడిగిండు. ఆయనది ఎతికితె ఒక్కటే దొరికింది, అది గూడ ఆధార్ కార్డుది," అన్నారు. కళ్లు తుడుచుకుంటూనే అందరం నవ్వాం. తెలియనిదాన్ని తెలియదనగల ఆ విద్వత్తుకు మనసారా చేతులు జోడించాను.

మొన్న ఆ రకం కీచురాయి మళ్లీ దొరికింది. వీపు, పక్క, పొట్ట, దొడ్డు గింజ అన్నీ స్పష్టంగా వచ్చాయి. గ్రూపులో ఎవరూ పేరు చెప్పలేకపోయారు. చార్టు గడిలో ఆయన మాటే రాశాను: తెల్వదు.

"మరి ఎవరినడగాలె టీచర్?" అంది ఒక పిల్ల.

నా చేయి అలవాటుగా ఫోన్ మీదికి పోయింది.